గుంపు కట్టేదెవరు, పేరు పెట్టేదెవరు?

నిజాంపేట రోడ్డు మీద ఇల్లు అద్దెకు వెతుక్కునే మన పిల్లలకు ఒక ప్రశ్న బాగా తెలుసు. గదులు చూపించి, అడ్వాన్సు మాట్లాడి, చివర్న తాళంచెవి చేతిలో తిప్పుతూ ఓనరు అడుగుతాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాయనైతే 'మీరేమిట్లు?' అంటాడు. తెలంగాణాయనైతే 'మీరేమోళ్లు?' అంటాడు. కులం అన్న మాట ఎవరి నోటా రాదు. జవాబు విన్నంక మాత్రం ఆ ఇల్లు అంతకుముందే ఎవరికో మాట ఇచ్చేసిన ఇల్లు అయిపోతుంది. అదే కుర్రాడు మర్నాడు హైటెక్ సిటీలో కూచుని లక్షలమంది కొనుగోలుదారుల్ని వయసు, ఊరు, ఖర్చు, అలవాట్లు ఇట్లా పదుల లక్షణాలు కలిపి గుంపులుగా విడదీసే ప్రోగ్రాము రాస్తాడు. ఆ పనిని క్లస్టరింగ్ అంటారు. ప్రోగ్రాముకు పదుల లక్షణాలు కావాలి. ఓనరుకు ఒక్కటి చాలు.

ఈ వ్యాసం ఆ గుంపులు కట్టే పని చరిత్ర గురించి. జీవశాస్త్రంలో బాగా పదునెక్కిన రెండు పద్ధతులు ఇవాళ చరిత్ర, సమాజశాస్త్రం, సాహిత్య పరిశోధనల్లోకి వస్తున్నాయి. ఒకటి, పోలికల్ని బట్టి గుంపులు కట్టడం. రెండు, సేకరించిన సమాచారాన్ని అందరితో పంచుకోవడం. వీటిని చూసి మన యువ పరిశోధకుల్లో ఉత్సాహం ఉంది. పెద్దల్లో అనుమానం ఉంది. రెండూ న్యాయమైనవే. కానీ ఇద్దరూ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ పనిముట్లు జీవశాస్త్రంలో పుట్టి కొత్తగా మన దగ్గరికి వస్తున్నవి కావు. వీటి పుట్టుకలోనే కులాల కొలత ఉంది. మన ఒంటి మీద కొలిచి తయారుచేసిన లెక్క పంటల్లోకి, జన్యువుల్లోకి పోయి మళ్లీ మన చరిత్ర దగ్గరికే తిరిగొస్తున్నది.

ఆ ప్రయాణం చాలామటుకు నిజాంపేట చుట్టూ గంట, గంటన్నర దూరంలోనే జరిగింది. ఒకవైపు పటాన్‌చెరులో ఇక్రిశాట్. ఇంకోవైపు గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో సి.ఆర్.రావు పేరున ఉన్న గణిత, గణాంక సంస్థ. తూర్పున హబ్సిగూడలో సీసీఎంబీ. నడుమ ఈ పని చేసి బతికే వేలమంది అద్దెకుండే ఫ్లాట్లు.

ముక్కు కొలిచిన కాలం

1891లో హెర్బర్ట్ రిస్లే బెంగాల్ కులాలు, తెగల మీద తన గ్రంథాలు వెలువరించాడు. 1901 జనగణనకు ఆయనే కమిషనరు. ముక్కు వెడల్పును ముక్కు పొడవుతో భాగించి నూటితో గుణిస్తే వచ్చే సంఖ్యను ముక్కు సూచిక అన్నారు. ముక్కు ఎంత వెడల్పయితే ఆ కులం హోదా అంత తక్కువ అని రిస్లే సూత్రం చెప్పాడు. దక్షిణాన ఎడ్గార్ థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం నుంచి అదే పని చేశాడు. కె.రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు. మాల, మాదిగ, రెల్లి అందరూ అందులో ఎక్కారు. నిజాం రాజ్యానికి సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో అలాంటి పుస్తకమే వేశాడు.

ఇక్కడ పద్ధతిని చూడాలి. కొలతలు తీసుకుని, వాటిని బట్టి గుంపులు కట్టడం కాదు వీళ్లు చేసింది. గుంపులు ముందే ఉన్నాయి. ఏ కులం పైన, ఏ కులం కింద అన్నదీ ముందే ఉంది. కొలత వచ్చి దానికి శాస్త్రం ముద్ర వేసింది. కొలిపించుకున్నవాడికి తన కొలత ఏమైందో తెలియదు. ఏ పేరు కింద ఎక్కిందో తెలియదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాళ్లు ఇంకో పని చేశారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచమ అన్న పేరును తోసిపుచ్చి ఆది ఆంధ్ర అన్న పేరు పెట్టుకుంది. హైదరాబాదులో ఆది హిందూ అన్న పేరు 1931 జనగణన దాకా పోయింది. ఇది గూడా గుంపు కట్టడమే. తేడా ఏందంటే ఇక్కడ గుంపు కట్టిందీ పేరు పెట్టిందీ ఆ గుంపులోని మనుషులే. కొలబద్ద ముక్కు కాదు, వెలి. ఒకే రకంగా వెలి అయినవాళ్లం గనక ఒక్కటి అన్నారు.

దూరం లెక్కగట్టడం

ముక్కు సూచికతో చిక్కేందంటే అది ఒక్క కొలత. మనిషికి ఎత్తుంది, తల చుట్టుకొలతుంది, చేయి పొడవుంది. ఇవి విడివిడివి కావు. ఎత్తు పెరిగితే చేయి పొడవూ పెరుగుతుంది. రెంటినీ వేరువేరుగా లెక్కేస్తే ఒకే తేడాను రెండుసార్లు లెక్కేసినట్టు. ఈ చిక్కు విప్పినవాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1920లలో ఆయన కలకత్తా ఆంగ్లో ఇండియన్ల కొలతలతో మొదలుపెట్టాడు. తర్వాత రిస్లే కొలతల్నే తిరగేసి, బెంగాలు బ్రాహ్మణుడు వేరే రాష్ట్రాల బ్రాహ్మణుడికంటే బెంగాలులోని ఇతర కులాలకే దగ్గరగా ఉన్నాడని చూపించాడు. 1936లో ఆ లెక్కకు పూర్తి రూపం ఇచ్చాడు. దాన్నే మహలనోబిస్ దూరం, డి-స్క్వేర్ అంటున్నాం. ఇవాళ ప్రపంచంలో ఏ గణాంక ప్రోగ్రాములోనైనా అది ఉంటుంది.

దీన్ని ముందుకు తీసుకుపోయినవాడు మన తెలుగువాడు, సి.ఆర్.రావు. 1920లో హడగలిలో పుట్టి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా పోయాడు. 1941లో సంయుక్త రాష్ట్రాల్లో, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో, కులాల శరీర కొలతలు తీశారు. మహలనోబిస్, డి.ఎన్.మజుందార్, రావు కలిసి వాటిని విశ్లేషించి 1949లో అచ్చేశారు. ఈలోపు రావు కేంబ్రిడ్జి పోయి సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతల మీద పనిచేశాడు. దూరాల్ని బట్టి గుంపులు కట్టే టోచర్ పద్ధతి ఆయన 1952 పుస్తకం ద్వారానే లోకానికి తెలిసింది. 2023లో చనిపోయేనాటికి ఆయన ప్రపంచ గణాంకశాస్త్రంలో పెద్ద పేరు. ఆ పేరు పునాదిలో పేరు లేని వేలమంది కొలతలున్నాయన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనిపించదు. ఇది రావుగారి తప్పు అనడం లేదు. చరిత్ర ఎట్లా రాస్తున్నామో చెప్తున్నాం.

ఆ లెక్క తర్వాత పంటల్లోకి పోయింది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వరి, జొన్న, కంది వంగడాల మీద డి-స్క్వేరు, టోచర్ పద్ధతి వాడని బ్యాచి ఉండదేమో. దూరం ఉన్న గుంపుల నుంచి ఒక్కో వంగడం తీసుకుని సంకరం చేస్తే మంచి ఫలితం రావచ్చునని దాని ఆలోచన. కులాల మధ్య దూరం కొలవడానికి చేసిన లెక్క పంటల్లో 'దూరమైనవాటిని కలపండి' అని చెప్తున్నది. మనుషుల్లో అదే పనిని వర్ణసంకరం అని తిట్టిన దేశం ఇది.

అంబేడ్కర్ చేసిన పని

ఇతరులు సేకరించిన సమాచారాన్ని తీసుకుని, వాళ్లు అడగని ప్రశ్న అడగడం ఎట్లాగో మనకు అందరికంటే ముందు చేసి చూపించినవాడు బాబాసాహెబ్. అంటరానివాళ్లు ఎవరు అన్న ఆయన పుస్తకం 1948లో వచ్చింది. అంటరానితనానికి మూలం జాతి భేదం అన్న వాదాన్ని ఆయన అందులో పరీక్షకు పెట్టాడు. దానికి కొత్తగా ఎవరి ముక్కూ కొలవలేదు. జి.ఎస్.ఘుర్యే 1932 పుస్తకంలో కూర్చిన కొలతల్నే తీసుకున్నాడు. ఉత్తరప్రదేశ్ బ్రాహ్మణుడు తన రాష్ట్రంలోని చాలా కులాలకంటే పంజాబులోని ఖత్రీకీ, చుహ్రాకీ దగ్గరగా ఉన్నాడని ఘుర్యేయే చూపించి ఉన్నాడు. చుహ్రా అంటే పాకీపని అంటగట్టిన కులం. కొలతను నమ్మేదుంటే బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే కొలత ఆధారంగా కట్టిన సిద్ధాంతమంతా పోతుంది అని అంబేడ్కర్ తేల్చాడు. ఎటు తిరిగినా రిస్లే సూత్రం నిలబడలేదు.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. సమాచారం అచ్చులో అందరికీ అందుబాటులో ఉంది కాబట్టే ఆయన ఆ పని చేయగలిగాడు. కొలతను చూసి భయపడలేదు, కొలతను పూజించలేదు. అన్నిటికీ మించి, ప్రశ్న ఆయనది. అంటరానితనం రక్తం నుంచి రాలేదని తేలింతర్వాత, మరి ఎక్కడి నుంచి వచ్చింది అని చరిత్ర వైపు తిరిగాడు.

రక్తంలో వెతకడం

యాభై ఏళ్లు తిరిగేసరికి ముక్కు స్థానంలో రక్తం వచ్చింది. 2001లో విశాఖపట్నం ప్రాంతంలోని ఎనిమిది కులాల పురుషులు 265 మంది డీఎన్ఏ మీద అమెరికా, ఆంధ్ర పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం అచ్చయింది. పై కులాలు యూరపువాళ్లకు దగ్గర, కింది కులాలు ఆసియావాళ్లకు దగ్గర అని దాని సారాంశం. ఆ ఏడాదే డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగింది. కులవివక్షను అక్కడ చర్చకు పెట్టాలని దళిత సంఘాలు పట్టుబట్టాయి. కులం జాతి కాదు కాబట్టి కుదరదని ప్రభుత్వం అన్నది. మనోళ్లలో కొందరికి ఆ డీఎన్ఏ ఫలితం చేతికందిన ఆయుధంలాగా కనిపించింది. కానీ అది రిస్లే ఇంటి ఆయుధం. అందులోనూ కులాల్ని పై, మధ్య, కింది అని ముందే పేర్చి పెట్టుకున్నారు. వివక్ష ఉందనడానికి వేరే రక్తం ఉందని చూపించాల్సిన పని లేదు. ఒకే రక్తం ఉన్నవాణ్ణి వెలివేయడం ఇంకా పెద్ద నేరం గదా.

2009లో సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందం కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది నమూనాలతో ఇంకో అధ్యయనం తెచ్చారు. మన మాల, మాదిగ, వైశ్య కులాల నమూనాలూ ఇందులో ఉన్నాయి. దేశంలో దాదాపు ప్రతి సమూహమూ రెండు పాత మూలాల మిశ్రమం అని, పాళ్లలోనే తేడా అని తేలింది. ఆ మూలాలకు ఉత్తర భారత పూర్వికులు, దక్షిణ భారత పూర్వికులు అని పేర్లు పెట్టారు. ఈ పేర్లు ఎట్లా వచ్చాయో రైక్ తన 2018 పుస్తకంలో రాశాడు. 2008 అక్టోబరులో హైదరాబాదులో కూచున్నప్పుడు, బయటి నుంచి పెద్దఎత్తున జనం వచ్చారని సూచించే పేర్లకు ఇక్కడి శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. గట్టి వాదన తర్వాత ఈ పేర్లు కుదిరాయి. అంటే లెక్క రెండు మూలాల్ని చూపించింది, కానీ వాటికి పేరు చెప్పలేదు. పేరు బేరంలో తేలింది. ఆ బేరం శాస్త్రవేత్తల మధ్య జరిగింది. రక్తం ఇచ్చిన సమూహాలకు ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు.

2013లో అదే పరంపరలో వచ్చిన అధ్యయనం 73 సమూహాలకు చెందిన 571 మందిని పరిశీలించి, ఈ కలయికలు సుమారు 4200 ఏళ్ల నుంచి 1900 ఏళ్ల కిందటి వరకు జరిగాయని చెప్పింది. ఆ తర్వాత కలయిక చాలావరకు ఆగిపోయింది. అంతర్వివాహం బిగుసుకుంది. కులానికి ప్రాణం అంతర్వివాహమేనని అంబేడ్కర్ 1916లోనే కొలంబియాలో చదివిన వ్యాసంలో చెప్పాడు. జన్యువులు ఆ తలుపు ఎప్పుడు మూసుకుందో సుమారుగా చెప్పగలిగాయి. ఎవరు మూశారు, ఏ శిక్షలు చూపించి మూశారు, మూసినందువల్ల ఎవరికి భూమి దక్కింది, ఎవరికి వెట్టి దక్కింది అన్నది జన్యువుల్లో రాసి ఉండదు. అది చరిత్రకారుడి పని.

ఇక్కడే 'కె' గురించి చెప్పాలి. 2000లో వచ్చిన స్ట్రక్చర్ అనే ప్రోగ్రాము మనుషుల్ని పూర్విక గుంపుల మిశ్రమంగా చూపిస్తుంది. ఎన్ని గుంపులు అన్నదే కె. రెండు అంటే రెండు రంగులు వస్తాయి, అయిదు అంటే అయిదు రంగులు వస్తాయి. ఏ కె బాగా అతుకుతుందో తూచే పరీక్షలున్నాయి గానీ ఆఖరికి ఏ బొమ్మ అచ్చేయాలో నిర్ణయించేది మనిషి. దాదాపు అదే లెక్క 2003లో వేరే దారిలో గ్రంథాల మీదికి వచ్చింది. అక్కడ మనిషికి బదులు ఒక వ్యాసం, పూర్విక గుంపులకు బదులు విషయాలు. వేల పత్రికల్ని కంప్యూటరుకిస్తే ఏ వ్యాసంలో ఏ విషయం ఎంత పాలు ఉందో చెప్తుంది. విషయాలు ఎన్ని అన్నది అక్కడా మనమే చెప్పాలి. వాటికి పేర్లు గూడా మనమే పెట్టాలి.

ఒకటా, నాలుగా?

కె అన్నది కంప్యూటరు గదిలో మాటే అనుకోవద్దు. ముప్పై ఏళ్లుగా మన ఉద్యమాల నడుమ నలుగుతున్న ప్రశ్న అది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. 59 కులాల్ని ఒకే మూటగా చూస్తే ఆ మూటలోని తేడాలు కనిపించవు అన్నది దాని వాదన. 1997లో రామచంద్రరాజు కమిషన్ తర్వాత నాలుగు గుంపులు వచ్చాయి. రెల్లి మొదలైనవి ఏ, ఒక శాతం. మాదిగ మొదలైనవి బి, ఏడు. మాల మొదలైనవి సి, ఆరు. ఆది ఆంధ్ర మొదలైనవి డి, ఒకటి. 2004 నవంబరులో సుప్రీంకోర్టు చిన్నయ్య కేసులో ఇది చెల్లదన్నది. షెడ్యూల్డ్ కులాలన్నీ ఒకే వర్గం, విడదీయడానికి వీల్లేదన్నది. లెక్క భాషలో చెప్పాలంటే కె అంటే ఒకటి అన్నది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6-1 తేడాతో ఆ తీర్పును పక్కనపెట్టింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ మూడు గుంపుల చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. 15 కులాలకు ఒక శాతం, 18 కులాలకు తొమ్మిది, 26 కులాలకు అయిదు. ఆంధ్రప్రదేశ్ ఆ ఏడాదే ఒకటి, ఆరున్నర, ఏడున్నరగా విడదీసింది.

వర్గీకరణ మీద మాల, మాదిగ మేధావుల మధ్య వాదం ఉంది, ఈ పేజీల్లోనూ ఉంటుంది. ఇక్కడ చెప్పదలుచుకున్నది వేరు. దండోరా కట్టిన గుంపుకు కొలత ముక్కు కాదు, రక్తం కాదు. ఉద్యోగాలు ఎన్ని, కాలేజీ సీట్లు ఎన్ని అన్నది. దాన్ని వ్యతిరేకించినవాళ్లు గూడా లెక్కల మీదనే వాదించారు. కులాన్ని ఒంట్లో వెతికే దారి నుంచి వ్యవస్థలో వెతికే దారికి మన ఉద్యమాలు మళ్లించాయి. ఇది మన పరిశోధనకు దొరికిన పెద్ద ఆస్తి.

ఇంకో సంగతి. 1917లో అందర్నీ ఒక్కటి చేయడానికి పెట్టుకున్న ఆది ఆంధ్ర అన్న పేరు, ఎనభై ఏళ్ల తర్వాత జాబితాలో ఒక వేరే వరుసయింది, డి గుంపులో చేరింది. మనం పెట్టుకున్న పేరునైనా సర్కారు పట్టిక తన పద్ధతిలో గడ్డకట్టిస్తుంది. గుంపు పేరు వెనక ఉన్న చరిత్ర పట్టికలో మిగలదు.

నలభై ఆరు లక్షల పేర్లు

2011లో సామాజిక ఆర్థిక కుల గణన జరిగింది. కులాల వివరాలు ఇప్పటిదాకా బయటికి రాలేదు. 2021లో కేంద్రం సుప్రీంకోర్టుకు ఒక కారణం చెప్పింది. 1931లో కులాలు 4147 ఉంటే ఈ గణనలో 46 లక్షలకు పైగా పేర్లు వచ్చాయి, తప్పుల తడక, వాడటానికి పనికిరాదు అన్నది. ఇంటిపేర్లు, గోత్రాలు, ఉపకులాలు, అచ్చుతప్పులు అన్నీ కులాలుగా నమోదయ్యాయి.

జీవశాస్త్రంలో పనిచేసేవాళ్లకు ఇట్లాంటి చిక్కు రోజూ ఉండేదే. లక్షల డీఎన్ఏ వరుసలు వస్తాయి, సగం తప్పులుంటాయి. రెండు వరుసల్ని పక్కపక్కన పెట్టి, ఒక అక్షరం మారితే ఇంత, ఒక అక్షరం జారిపోతే ఇంత అని తేడా లెక్కగట్టే పద్ధతిని నీడల్‌మన్, వున్ష్ అనేవాళ్లు 1970లో ఇచ్చారు. 1990లో వచ్చిన బ్లాస్ట్ ఆ వెతుకులాటను నిమిషాల పని చేసింది. ఇంత శాతం పోలిక దాటితే ఒకే గుంపు అని గీత గీసి లక్షల వరుసల్ని వేలకు దించుతారు. కులం పేర్ల అచ్చుతప్పుల్ని ఈ దారిలో సర్దుకోవచ్చు. పదేళ్లు బీరువాలో పెట్టి తాళం వేయాల్సినంత అసాధ్యం కాదు.

అయితే పనిముట్టు ఎక్కడ ఆగిపోతుందో గూడా ఇక్కడే కనిపిస్తుంది. మన షెడ్యూల్డు కులాల జాబితానే తీసుకోండి. మాల, మాల దాసరి, మాల జంగం, మాల సన్యాసి. అక్షరాల్లో దగ్గరగా ఉన్నాయని కంప్యూటరు అన్నిటినీ ఒక్క గుంపులో వేస్తుంది. జాబితాలో అవి వేరువేరు. వాటి వృత్తులూ, ఆచారాలూ వేరు. అటు మాదిగ, అరుంధతీయ, జాంబవులు, మాతంగి. అక్షరాల్లో ఒకదానికొకటి పోలికే లేదు. కంప్యూటరు నాలుగు మూలలా విసిరేస్తుంది. అరుంధతీ, జాంబవుడు, మాతంగి కథలు తెలిసిన ఏ ముసలమ్మనడిగినా ఇవి చుట్టపు పేర్లని చెప్తుంది. డక్కలి, చిందు, బైండ్ల పేర్లలో మాదిగ అన్న అక్షరమే లేదు, కానీ మాదిగ ఇంటి ముంగిట అడిగే హక్కు వాళ్లకుంది. ఆ సంబంధం పేరులో లేదు, పురాణంలో ఉంది, పంపకంలో ఉంది.

కాబట్టి పేర్ల మధ్య దూరం అక్షరాలతో తేలదు. ఆ దూరాన్ని చెప్పాల్సింది ఆ మనుషులు. పనిముట్టు మొదటి చిత్తుప్రతి ఇస్తుంది. దాన్ని దిద్దే కలం ఆ కులాల చేతిలో ఉండాలి. 2024 చివర్లో తెలంగాణ ఇంటింటి సర్వే చేసింది. 2025 ఏప్రిల్ 30న జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం నిర్ణయించింది. 46 లక్షల పేర్ల కథ మళ్లీ నడవకూడదంటే ఈ దిద్దుబాటు ఎవరు చేస్తారన్న ప్రశ్న ముందే అడగాలి.

పంచుకోవడం, పోగొట్టుకోవడం

1996లో బెర్ముడాలో మానవ జన్యుక్రమం మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఒక ఒప్పందానికి వచ్చారు. చదివిన వరుసను ఇరవై నాలుగు గంటల్లో అందరికీ అందుబాటులో పెట్టాలి అని. దాచుకుని పేటెంటు చేయడానికి కుదరదు. మనిషి జన్యువులకు ఇరవై నాలుగు గంటలు. మన దేశంలో కులం లెక్కకు పదేళ్లు దాటినా గడువు రాలేదు. సమాచారం బయటికి రాకపోతే నష్టం ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

అయినా పంచుకోవడం అన్న మాట వినగానే చప్పట్లు కొట్టేయొద్దు. 1990 నుంచి అమెరికాలో హవసుపాయి తెగవాళ్లు మధుమేహం పరిశోధనకని ఒక విశ్వవిద్యాలయానికి రక్తం ఇచ్చారు. ఆ రక్తాన్ని మానసిక వ్యాధి మీద, తెగ వలస చరిత్ర మీద గూడా వాడారు. తమ పుట్టుక గురించి తాము చెప్పుకునే కథకు విరుద్ధమైన కథ తమ రక్తంతోనే రాశారని తెలిసి వాళ్లు కోర్టుకెక్కారు. 2010లో రాజీ కుదిరింది. ఏడు లక్షల డాలర్లు, మిగిలిన రక్తం వెనక్కి. మన దగ్గర 2009లో ఖమ్మం జిల్లా గిరిజన పిల్లలకు వేసిన హెచ్‌పీవీ టీకా విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టడాన్ని 2013లో పార్లమెంటరీ సంఘం తప్పుపట్టింది. అణగారినవాళ్ల అంగీకారం వేరొకరి సంతకంతో జరిగిపోవడం మనకు కొత్త కాదు.

పంచుకోవడానికి రెండు నమూనాలు ముంబయి రహదారి మీదనే ఉన్నాయి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో లక్షా ఇరవై వేలకు పైగా విత్తన నమూనాలున్నాయి. 1994 ఒప్పందం ప్రకారం అవి ప్రపంచ ప్రజల తరఫున ట్రస్టుగా దాచినవి. పరిశోధకులకు ఇస్తారు, కానీ సొంతం చేసుకోనివ్వరు. ప్రతి విత్తనానికీ ఒక నంబరుంటుంది. ఇంకాస్త ముందుకు పోతే జహీరాబాదు పక్కన పస్తాపూర్. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. వాళ్లు కొర్ర, సామ, తైద, పచ్చజొన్న విత్తనాల్ని బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాస్తారు. అడిగినవాళ్లకిస్తారు, పంటయినంక ఎక్కువ కలిపి తిరిగి తీసుకుంటారు. ఆ విత్తనానికి నంబరు లేదు. ఏ నేలకు ఏది, ఏ కార్తెకు ఏది, పురిటాలికి ఏది అన్న జ్ఞాపకం ఉంది. మొదటి బ్యాంకు విత్తనాన్ని కాపాడుతుంది. రెండోది విత్తనాన్నీ, దాన్ని ఎరిగిన మనిషినీ కలిపి కాపాడుతుంది. దళిత చరిత్ర సమాచారానికి మనకు కావాల్సింది రెండోది.

మన పని

ఇక చేయాల్సింది చెప్పుకుందాం. కారంచేడు 1985, చుండూరు 1991. అప్పటి నిజనిర్ధారణ నివేదికలు, సాక్ష్యాలు, కోర్టు కాగితాలు మనుషుల ఇళ్లల్లో, ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇట్లాంటి కేసులన్నీ ఫిర్యాదు నుంచి చార్జిషీటు దాకా, విచారణ నుంచి అప్పీలు దాకా ఏ మెట్టు మీద ఎన్నాళ్లు ఆగాయో వరుసలుగా రాసి పక్కపక్కన పెడితే, డీఎన్ఏ వరుసల్ని పోల్చే లెక్కతోనే వాటిని పోల్చవచ్చు. షికాగో సమాజశాస్త్రవేత్త ఆండ్రూ ఎబట్ 1986లోనే చారిత్రక సంఘటనల వరుసలకు ఆ లెక్కను వాడి చూపించాడు. ఏ మెట్టు మీద న్యాయం చచ్చిపోతున్నదో ఒక్క కేసు చదివితే అనుమానం వస్తుంది. వందల కేసుల వరుసలు పోల్చి చూస్తే అది రుజువవుతుంది.

జాంబపురాణం చిందువాళ్లు ఒక తీరుగా ఆడతారు, డక్కలివాళ్లు పటం పట్టి ఒక తీరుగా చెప్తారు. ఊరూరికీ తేడా ఉంది. 1998లో ఇంగ్లండు పరిశోధకులు చాసర్ కావ్యం చేతిరాత ప్రతుల్ని జీవుల వంశవృక్షం గీసే ప్రోగ్రాములతో పోల్చారు. 2018లో అదే తరహా లెక్కలతో ఇరవై ద్రావిడ భాషల్ని పోల్చి ఆ కుటుంబం వయసు సుమారు 4500 ఏళ్లని అంచనా వేశారు. మన కులపురాణాల పాఠాల్ని గూడా అట్లా పోల్చవచ్చు. ఒక్క జాగ్రత్త. చేతిరాత ప్రతికి మూలప్రతి ఉంటుంది. నోటిపాఠానికి ఉండాల్సిన అవసరం లేదు. ఏది అసలు, ఏది చెడిపోయింది అని వెతకడం బ్రాహ్మణీయ పాఠపరిష్కారం అలవాటు. మనకు కావాల్సింది ఎక్కడ మారింది, ఎందుకు మార్చారు అన్నది.

ఈ రెండు పనులకూ షరతులు ముందే రాసుకోవాలి. సాక్షుల పేర్లు బయటికి పోకూడదు. పాఠం ఇచ్చిన కళాకారుడి పేరు మాత్రం పోకూడదు, పరిశోధకుడి పేరుకంటే ముందు ఉండాలి. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకునే హక్కు ఉండాలి. ఎన్ని గుంపులు, ఏ కొలత, ఏ పేరు అన్న మూడు నిర్ణయాలూ ఎవరు ఏ సభలో తీసుకున్నారో ఫలితం పక్కనే అచ్చు కావాలి. 2019లో ఆదివాసుల సమాచార హక్కుల కోసం అంతర్జాతీయంగా రూపొందిన కేర్ సూత్రాలు ఇదే దారిలో ఉన్నాయి. మనం ఒంటరిగా లేం.

నిజాంపేట ఫ్లాట్లలో రాత్రిపూట ల్యాప్‌టాప్ ముందు కూచునే మన పిల్లలకు ఈ లెక్కలు వచ్చు. ఊళ్లో వాళ్ల అమ్మమ్మకు పేర్ల చుట్టరికం తెలుసు. ఆ ఇద్దరూ ఒకచోట కూచోవాలి. 'మీరేమోళ్లు?' అన్న ప్రశ్నను ఇన్నాళ్లూ రిస్లే అడిగాడు, జనగణన అడిగింది, రక్తం తీసినవాళ్లు అడిగారు, ఇంటి ఓనరు అడుగుతున్నాడు. ఆ ప్రశ్న ఎవరు, ఎందుకు అడిగారో లెక్కగట్టి రాయడం మన పరిశోధనకు మొదటి అధ్యాయం కావాలి.